తేనెరంగు గాజు

"పిన్నిగారూ, నా అంతట నేను పొయ్యి పెట్టుకునే యోగ్యత నాకెప్పుడొస్తుందండీ?" అని సువర్చల ఒకనాటి పొద్దున్న అడిగింది. ఆ ఒక్క మాట గొంతు దాటి రావడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. సువర్చల గొంతు అంత చిన్నది. ఇవాళ "అలాగేనండీ" అంటే అది రేపటికి వినపడేది. మరో మాట ఆమె నోట ఎవరూ విన్న పాపాన పోలేదు.

ఆమె అడిగినది భ్రమరాంబగారిని. అమలాపురంలో సారె మిఠాయిలంటే ఆవిడవే. ఆవిడ నెయ్యి కాస్తే గోదావరి అవతలి ఒడ్డున విస్తళ్ళు వేసుకుని కూర్చునేవారు. ఆవిడ సున్నుండ తిన్న బోసినోటి తాతలు పళ్ళు మళ్ళీ మొలిచాయేమోనని తడుముకునేవారు. "ఇక వెళ్ళి చేసుకో" అని ఆవిడ అనందే శిష్యురాళ్ళెవరూ సొంతంగా పొయ్యి వెలిగించేవారు కారు. అయితే ఏది అడిగినా జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. పని చెప్పేది.

"ముందు ఆ మినప్పప్పు పొయ్యి మీద పెట్టు. సూర్రావు వస్తున్నాడు, తలుపులకి గాజు ఎంచాలి" అంది.

ఆ తలుపుల సంగతి చెప్పాలి. భ్రమరాంబగారి పాత వంటిల్లు ఎంత చీకటంటే, ఒకసారి దారితప్పి లోపలికొచ్చిన పిల్లి బయటికి దారి దొరక్క అక్కడే మూడు తరాలు సంసారం చేసింది. అందుకని ఆవిడ తూర్పు గోడ పడగొట్టించి, వంటింటిని పెరట్లోకి పెంచింది. ఆ గోడ ఉన్నచోట నిలువెత్తు గాజు తలుపులు రావాలి. టేకు చట్రం సిద్ధంగా ఉంది. గాజు ఒక్కటే తేలలేదు.

అద్దాల సూర్రావు రకానికి రెండేసి పలకలు తెచ్చి చట్రంలో నిలబెట్టి చూపించాడు. మొదట మసక గాజు.

"పెరట్లోకి ఎవరొచ్చారో కనపడకపోతే ఇక వంటింట్లో ఉండి ఏం సుఖంరా?" అని భ్రమరాంబగారు దాన్ని తీయించేసింది.

తరవాత తెల్ల గాజు పెట్టాడు. అందులోంచి పడిన ఎండలో గట్టు మీది జిడ్డు, గిన్నె అంచున మసి, ఆవిడ చెంప మీది ముడతలు, అన్నీ విడివిడిగా కనిపించాయి. ఆవిడ మొహం చిట్లించింది. ఆపైన సూర్రావు తేనెరంగు గాజు పెట్టాడు. అంతే, వంటిల్లు వంటిల్లంతా బంగారమైపోయింది. స్టీలు డబ్బాలు లంకెబిందెలయ్యాయి. గోడ మీది బల్లి కూడా కంచి బల్లిలా మెరిసింది. భ్రమరాంబగారు పళ్ళెంలో తన మొహం చూసుకుని మురిసిపోయింది.

"ఏరా, పెళ్ళికూతురిలా లేనూ?"

"పీటల మీద కూర్చోబెట్టడమే తరువాయి అమ్మగారూ!"

"అయితే ఇదే ఖాయం. ఏమే సువర్చలా, పప్పు ఎర్రబడింది, దింపెయ్."

సువర్చల బాండీలోకి చూసింది. నిజమే, పప్పు దోరగా, ఎర్రగా ఉంది. కన్ను సరేనంది, గురువు దింపమంది. ముక్కు మాత్రం ఒప్పుకోలేదు. పచ్చివాసన ఇంకా పోలేదు. పక్క ఊళ్ళో ఆవాలు మాడితే ఎవరింట్లోనో చెప్పగల ముక్కు భ్రమరాంబగారిది. దానికి ఆవేళే ఏం రోగమొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పప్పు ఆ సాయంత్రం సున్నుండలై ఒక కడుపుతో ఉన్న పిల్ల సీమంతానికి సారెగా వెళ్ళవలసినది. సూర్రావు చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఎదురుచెబితే, తను అడిగిన ప్రశ్నకు ఈ జన్మలో జవాబు రాదేమోనని సువర్చలకు గుండె దడదడలాడింది. ఆ దడకి అటక మీది గిన్నెలు కూడా కదిలాయి. అయినా ఆమె మంట తగ్గించి, గరిటెడు పప్పు తీసుకుని, గాజు పలకలు దాటి పెరట్లోకి వెళ్ళింది. అసలైన ఎండలో ఆ పప్పు, లంఖణాలు చేసి లేచినవాడి మొహంలా, తెల్లగా పాలిపోయి ఉంది.

తిరిగొచ్చి గరిటె భ్రమరాంబగారి ముందు పెట్టింది.

"నేను దింపనండీ."

సూర్రావు చేతిలోని కొలత టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది.

"ఏమన్నావ్?"

"పప్పు వేగలేదండీ, ఆ గాజు వేగినట్టు చూపిస్తోంది. మీకు అంత ముచ్చటగా ఉంటే హాల్లో పెట్టించుకోండి, రోజూ పెళ్ళికూతురు అవండి. పొయ్యి దగ్గర మాత్రం తెల్లదే ఉండాలి. జిడ్డు కనపడితే తుడుస్తాను."

ఈసారి ఆ గొంతు రేపటిదాకా ఆగలేదు. వీధి చివర కూరలమ్మే మనిషి తననే పిలిచారనుకుని తట్ట దించింది. మాట పూర్తిచేసి సువర్చల మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి కలపసాగింది. కమ్మటి వాసన లేచేదాకా ఆమె తలెత్తి చూడలేదు. అందువల్ల, భ్రమరాంబగారు గరిటెలోని పచ్చిపప్పును వేలితో అటూ ఇటూ కదిపి, కొంగు చాటున నవ్వుకోవడం ఆమెకు కనపడలేదు.

"తెల్లదే పెట్టరా సూర్రావూ. రెండు జతలు చెయ్యి."

"రెండా? ఇక్కడ ఒక్క చట్రమే కదమ్మగారూ. ఇంకో జత ఎక్కడికి? కొలతలో?"

భ్రమరాంబగారు పొయ్యి వైపు చూపించింది.

"దాన్నే అడుగు. ఆ వంటిల్లు దానిది."