పాలు విరిగిన పూట

“దస్తగిరీ... ఓ దస్తగిరీ.”

ఖాదర్ తాత రెండోసారి పిలిచాక గానీ దస్తగిరి తలెత్తలేదు. దర్గా వసారాలో ఒక మూల కూర్చుని ఇంగ్లీషు మాటలు తనలో తానే చెప్పుకుంటున్నాడు. మనసైన మనిషి పేరు తలుచుకుంటున్నట్టు పెదాలు మాత్రం కదులుతున్నాయి.

“పొద్దుటి నుంచీ నా చుట్టూ తిరుగుతాండావు. ఏమో అడగాలని ఉంది నీకు. అడుగు నాయనా.”

దస్తగిరి లేచొచ్చి తాత మంచం దగ్గర నేలమీద కూర్చున్నాడు. గంధం పండుగ దగ్గరికొచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు, తెలుగు రానివాళ్లూ వస్తారు. దర్గా గురువైన తాత చెప్పేవి వాళ్లకి ఇంగ్లీషులో చెప్పే పని ఇన్నాళ్లూ మౌలాలిది.

ఆ మౌలాలి అక్కడే, స్తంభం పక్కన, చేట ముందు పెట్టుకుని పండుగ వంటకి తెల్లగడ్డ రెబ్బలు ఒలుస్తున్నాడు.

“ఈసారి నేను చెప్తా తాతా,” అన్నాడు దస్తగిరి, గొంతు తగ్గించినట్టే తగ్గించి. “వాడు చెప్తే నగుబాటు అవుతాంది. మొన్న చూస్తిరి కదా.”

మౌలాలి చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ ఒలవసాగాయి.

ఇద్దరూ ఒకే ఏడు ఈ ఎర్రగుట్ట కింది దర్గాకి వచ్చినవాళ్లు. జతగా వచ్చిన శిష్యులు ఒకే పళ్లెంలో తినాలన్నది ఇక్కడి ఆచారం. ఆ పళ్లెంలో ఎవరు ఎంత తిన్నారో ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ చూసుకోలేదు.

మొన్న ఎక్కడో దూరదేశం నుంచి ఒకామె వచ్చింది. ఆమెకి టీ పెడదామంటే పాలు విరిగిపోయాయి. మౌలాలి బయటికొచ్చి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా “మేడమ్, మిల్క్ ఈజ్ బ్రోకెన్” అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. దస్తగిరి మాత్రం పడీపడీ నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో అందరికీ విడమర్చి మరీ చెప్పాడు. సాయంత్రానికల్లా ఆ మాట దర్గా అంతా పాకింది. మౌలాలి నీళ్లకి పోతే, “ఏం మౌలాలన్నా, నీళ్లు బాగుండాయా? అవీ బ్రోకెనేనా?” అని ఒకటే ఆటపట్టించడం.

మౌలాలి కూడా నవ్వేవాడు. పళ్లెం దగ్గరికి మాత్రం, ఆకలి లేదంటూ, రావడం మానేశాడు. సగం అన్నం అట్లాగే మిగిలిపోతోంది.

“నీకు బాగా వచ్చునా ఇంగ్లీషు?” తాత అడిగాడు.

“ఒక్కో రకం విరగడానికీ వాళ్లకి ఒక్కో మాట ఉంది తాతా. కప్పు అంచు పెచ్చు లేస్తే చిప్. గోడ బీటలిస్తే క్రాక్. అద్దం తునకలైపోతే షాటర్. అన్నదమ్ములు చేను పంచుకుంటే డివైడ్.”

“మనకీ ఉండాయి కదప్పా. కర్ర విరుగుతాది, కుండ పగులుతాది, దారం తెగుతాది.”

“కర్ర విరిగినా, దారం తెగినా పుటుక్కుమంటే వాళ్లకి స్నాప్. చప్పుడు వింటే చాలు, మాట చెప్పేస్తా నేను.”

“అబ్బో.” తాత ముఖం వెలిగింది. “అయితే కండ్లు మూసుకో. చూద్దాం.”

దస్తగిరి కళ్లు మూసుకున్నాడు. రెప్పల మీద ఎండ ఎర్రగా, వెచ్చగా ఉంది.

పుటుక్కుమంది.

“స్నాప్. వేప పుల్ల.”

చిటుక్కుమంది.

“క్రాక్. శెనక్కాయ.”

పర్రుమంది.

“టేర్. తాతా, అది మీ తువ్వాలు కదా, ఎందుకు చించితిరి?”

“నువ్వు చెప్తాంటే ముచ్చటేసిందిలే.”

గొడ్డలి దెబ్బ పడింది. ఎండుకట్టె నిలువునా విచ్చుకుంది.

“స్ప్లిట్,” అన్నాడు దస్తగిరి. ఒక్కటి కూడా తప్పలేదు. లోపల ఏదో రెక్కలు విప్పుకున్నట్టయింది. పండుగ రోజు జనం ముందు, తాత పక్కన, తెల్లని చొక్కాలో తను నిలబడినట్టు కనిపించింది.

తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గుమ్మటం మీద పావురాలు కువకువమన్నాయి. గాలి వచ్చింది, పోయింది. దస్తగిరి చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

“ఇప్పుడు?” అన్నాడు తాత.

“ఇంకా మీరేమీ చెయ్యలేదు కదా తాతా. ఏమీ వినపడలే.”

“నాకూ వినపడలే నాయనా.”

తాత గొంతులో ఇందాకటి ముచ్చట లేదు. దస్తగిరి కళ్లు తెరిచాడు. నేలమీద పుల్ల, కాయ డొప్పలు, చినిగిన తువ్వాలు, రెండు చీలికలైన కట్టె. స్తంభం పక్కన చేట నిండా ఒలిచిన తెల్లగడ్డలు. మౌలాలి లేడు. గోడకి అతని సంచీ తగిలించే మేకు బోసిగా ఉంది.

“నా కాళ్లకి మొక్కినాడు,” అన్నాడు తాత. “పోతా పోతా నీ ముందర కొంచెంసేపు నిలబడినాడు.”

దస్తగిరి చెప్పులు కూడా వేసుకోలేదు. శెనగ చేల గట్టు మీద పడి పరిగెత్తాడు. ముళ్లు గుచ్చుకున్నాయో లేదో తెలియలేదు.

రోడ్డు పక్క రాయి మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని, మౌలాలి బస్సు కోసం చూస్తున్నాడు.

“యాడికి రా?”

“మా అక్కోళ్ల ఊరికి. బావ పరుపులు కుడతాడు కదా, దూది ఏకేదానికి మనిషి కావాలంట.”

“పండుగ ముందర పెట్టుకొని పోతావా?”

“నువ్వుండావు కదా.” మౌలాలి నవ్వడానికి చూశాడు. “నీకు మాటలన్నీ వచ్చు.”

దూరంగా మలుపులో దుమ్ము లేచింది. బస్సే. మౌలాలి లేచి సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

దస్తగిరి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నో అనుకుంటూ వచ్చాడు దారంతా. బస్సు హారన్ వినిపించింది.

“విరిగిన పాలని ఏమంటారో ఆ పొద్దు నాకూ తెలీదురా. నీ మాట అర్థంగాక ఆమె నా తట్టు తిరిగింది. నన్ను అడుగుతాదేమో అని భయమేసింది. అందుకే ముందే నవ్వేసినా.” అతని చెయ్యి వదల్లేదు. “ఇప్పటికీ తెలీదు మౌలాలీ.”