రెండు తాళాల బండి

ఎవరైనా సాటి మనిషి మీద ఫిర్యాదు తెస్తే పూర్ణయ్య మాస్టారు ఆ మనిషి గురించి ఒక్క ముక్కా మాట్లాడరు. గోకవరం అవతల ఆశ్రమం పెట్టకముందు ఆయన ముప్ఫై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో మోటారు ఇంజన్ల పాఠం చెప్పారు. అందుకేనేమో, ఉపనిషత్తుల కంటే ముందు ఆయన నోట మెకానిక్ షెడ్ల కబుర్లు వస్తాయి. ఆశ్రమంలో వంటా వసతీ చూసుకునే సుభాషిణమ్మ ఒక మధ్యాహ్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ఎదుట చాప మీద కూలబడింది.

ఆమె బాధ కామేశం గారి గురించి. సబ్ రిజిస్ట్రారుగా రిటైరై ఆయన ఆశ్రమంలో చేరి ఆరు నెలలు దాటింది. ఇప్పటికీ పేపరు మడత నలగకుండా ముందు ఆయనకే అందాలి. ఆయన గదిలోకి వెళ్ళాలంటే గుమ్మం దగ్గర ఆగి అనుమతి అడగాలి. భోజనానికి అందరితో పాటు రారు, ఒకరు వెళ్ళి పిలవాలి. అలాగని పనికిరాని మనిషా అంటే కాదు. ఆశ్రమం భూమి కాగితాల్లో ఇరవై ఏళ్ళుగా పడి ఉన్న చిక్కును రెండు నెలల్లో విప్పింది ఆయనే.

"చెప్పి చెప్పి నా నోరు పడిపోయిందండి," అంది సుభాషిణమ్మ. "మేమంతా అన్నీ వదులుకుని వచ్చాం. ఈయన ఆఫీసును వెంటబెట్టుకుని వచ్చారు. ఈయన్ని మార్చే దారేదైనా ఉంటే చెప్పండి, లేకపోతే నన్నే వంటింట్లోంచి మార్చేయండి."

"రాజమండ్రిలో మన జీపు బాగుచేసే దావూద్ మేస్త్రి ఉన్నాడే," అని మొదలుపెట్టారు మాస్టారు. ఆయన చెప్పింది ఇది.

దావూద్ మేస్త్రికి పనిలో ఒక పంతం ఉంది. తను చెయ్యిపెట్టిన బండి బానెట్ ఎత్తితే, అది కంపెనీ నుంచి అలాగే వచ్చిందనుకోవాలి. ఒక్క వైరు వేలాడుతున్నా అతనికి అన్నం సయించదు. అలాంటివాడి షెడ్డుకి ఫణీంద్ర అనే రైసుమిల్లు యజమాని ఒక ఎర్ర కారు తోలించుకొచ్చాడు. రెండే తలుపుల స్పోర్ట్స్ కారు, వెనక సీటు పేరుకే. ఎక్కాలంటే ముందు నడుము దించి కూర్చుని, ఆ తర్వాత కాళ్ళు లోపలికి లాక్కోవాలి. ముప్ఫై ఏళ్ళ కిందట ఫణీంద్ర అన్న అచ్యుతం గారు ముచ్చటపడి కొన్నది. దాని ఇంజను ఇక బాగుచెయ్యడానికి వీల్లేనంత అరిగిపోయింది, సామాను ఎక్కడా దొరకడం లేదు. వెనక నుంచి లారీ గుద్ది తుక్కయిన కొత్త కారొకటి దొరికితే ఫణీంద్ర దాన్నీ కొనుక్కొచ్చాడు. తుక్కయినా దాని ఇంజను మీద గీత కూడా పడలేదు. ఆ ఇంజను తీసి ఈ బండికి పెట్టాలి.

"అన్నయ్యకి నీటికాసుల జబ్బు మేస్త్రీ," అన్నాడు ఫణీంద్ర. "చూపు చుట్టుపక్కల నుంచి మూసుకొస్తోంది. చలికాలం దాటితే ఏ సంగతీ చెప్పలేమన్నాడు డాక్టరు. చూపుండగా ఒక్కసారి ఈ బండిలో మారేడుమిల్లి ఘాటీ ఎక్కాలంటాడు."

"నెల రోజులివ్వండి," అన్నాడు దావూద్.

ఇనుప పని ఇరవై రోజుల్లో అయిపోయింది. ఇంజను కూర్చునే పాత దిమ్మలు కోసి కొత్తవి అతికాడు. ఇంజను ఎత్తు ఎక్కువై బానెట్ మూసుకోకపోతే కిందికి దింపి మళ్ళీ కూర్చోబెట్టాడు. అతుకు ఎక్కడుందో అతనికే వెతుక్కోవలసి వచ్చేలా రంగు వేశాడు. ఆ రోజు తాళం తిప్పితే ఇంజను హాయిగా అందుకుంది. ఒకటి, రెండు అనేలోపు ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. పెట్రోలు చూశాడు, కరెంటు చూశాడు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. సాయంత్రానికి తాళం పట్టుకున్న వేళ్ళు ఎర్రబడ్డాయి గాని ఇంజను రెండో అంకె దాటలేదు.

హైదరాబాదు నుంచి లాప్‌టాప్ కుర్రవాడిని రప్పించారు. అతను చూసి సంగతి చెప్పాడు. ఈ ఇంజనుకి ఒక కంప్యూటరుంది. అదింకా తన సొంత బండిలోనే ఉన్నాననుకుంటోంది. తన తాళం ఏదని అడుగుతుంది, తన మీటరు బోర్డు పలుకుతోందా అని చూస్తుంది. జవాబు రాకపోతే ఎవడో దొంగ ఎక్కాడనుకుని ఆగిపోతుంది. ఆ ప్రశ్నలన్నీ దానికి మరిపించాలని అతను రెండు రోజులు కూర్చున్నాడు. చివరికి ఇంజను నడిచింది గాని, ఎంత తొక్కినా సైకిలు వేగం దాటలేదు. కుర్రవాడు దాన్ని మళ్ళీ మొదట్లాగే పెట్టేసి, లాప్‌టాప్ మూసుకుని బస్సెక్కాడు.

దావూద్ బతుకంతా ఇనుముతో దెబ్బలాడినవాడు. ఇనుము కాలిస్తే వంగుతుంది, కొడితే లొంగుతుంది. అలిగి కూర్చునే దానితో ఎలా వేగాలో అతనికి తెలియలేదు. ఒకనాడు బానెట్ ఎత్తి దానితోనే వాదన పెట్టుకున్నాడు. "నీ బండి చచ్చిందే. లారీ కింద చచ్చింది. నేను తెచ్చి ఇంత మంచి చోట కూర్చోబెట్టాను. ఇంకా దాన్నే తలుచుకుంటావేం? నా తాళం నీకు ఆనదా?" పక్క షాపువాళ్ళు పని ఆపి విన్నారు.

దానికి తోడు ప్రతి సోమవారం అచ్యుతం గారు ఆటోలో వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఎప్పుడవుతుందని అడిగేవారు కారు. "నిదానంగానే కానీ మేస్త్రీ," అనేవారు. కసిరినా బాగుండేది దావూద్‌కి. నవంబరు ఆఖరి సోమవారం ఆయన మోచేతి పక్కనే పెట్టిన టీ గ్లాసు కోసం బల్లంతా తడుముకోవడం చూసి, అతను చేతిలో ఉన్న స్పానరు గోడకేసి కొట్టాడు. ఆయన వెళ్ళాకే కొట్టాడు.

పక్క షాపులో బండ్ల వైరింగు చేసే సుగుణ లేచి వచ్చింది. "బాబాయ్, నెల్లాళ్ళ నుంచి నీ గోలతో చెవులు పోతున్నాయి. అది అడిగేవి దానికి ఇచ్చేయరాదూ?"

"ఏం ఇమ్మంటావ్?"

"దాని తాళం, దాని మీటరు బోర్డు, దాని తలుపు గడియ. అన్నీ ఆ తుక్కు బండిలోనే ఉన్నాయి కదా. ఊడదీసి వెనక సీట్లో పెట్టి వైర్లు కలుపుతాను."

దావూద్ అరగంట తిట్టాడు. చచ్చిన బండి సామాను మోసుకు తిరిగే బండి ఎక్కడైనా ఉందా అన్నాడు. ముందొక తాళం, వెనకొక తాళమా అన్నాడు. చూసినవాడు నవ్వితే ఆ నవ్వు తన చేతి మీద పడుతుందన్నాడు. "అది పని కాదు, అతుకు," అన్నాడు.

"అతుకే," అంది సుగుణ. "సోమవారం ఆయనొస్తాడు కదా. అతుకు నచ్చలేదని నువ్వే చెప్పు."

సోమవారానికి పని అయిపోయింది. ముందు తాళం తిప్పితే బండికి ప్రాణం వచ్చింది, వెనక తాళం తిప్పితే ఇంజనుకి. రెండు దాటింది, పది దాటింది, వంద దాటింది, ఆగలేదు. వెనక సీట్లో చచ్చిన బండి మీటరు వెలిగి, లారీ గుద్దిన రోజు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి లెక్క అందుకుంది. సుగుణ నవ్వింది. దావూద్‌కి నవ్వు రాలేదు. గొణుక్కుంటూనే ఆ సామానుకి కొలిచి చెక్కపెట్టె చేశాడు, సీటు రంగు రెక్సిన్ తొడిగాడు, నాలుగు మరలు చాలిన మూతకి పన్నెండు బిగించాడు.

డిసెంబరు రెండో వారంలో అన్నదమ్ములు బయలుదేరారు. ప్రతి మలుపులోనూ ఆగిపోతుందని దావూద్ పనిముట్ల సంచితో జీపులో వెంటపడ్డాడు. ఎక్కడా ఆగలేదు. పైకెళ్ళాక అచ్యుతం గారు దిగి లోయ వైపు నిలబడ్డారు. ఆయనకు సూటిగా ఎదురున్నదే కనబడుతుంది. అందుకని తల కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒక్కొక్క ముక్కే చూసుకుంటూ, ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆయన ఇటు తిరగగానే దావూద్, ఎవరూ అడక్కుండానే, వెనక పెట్టె గురించి సంజాయిషీ మొదలుపెట్టాడు.

"తమ్ముడు చెప్పాడు మేస్త్రీ," అన్నారాయన. "మూడో మలుపులో ఎంత బాగా లాగిందో విన్నావా?"

దావూద్ వినలేదు. అతను ఆగిపోయే చప్పుడు కోసమే చెవి పెట్టుకుని వచ్చాడు.

ఏప్రిల్‌కల్లా అచ్యుతం గారి చూపు పోయింది. బండి మాత్రం నెలకోసారి షెడ్డుకి వస్తుంది, పక్క సీట్లో ఆయనా వస్తారు. మొదటి ఏడాదంతా దావూద్ ఆ పెట్టె చూసినప్పుడల్లా, కొత్త లాప్‌టాప్ వాడెవడో వచ్చాడట, తీసేద్దామా అని సుగుణని అడిగేవాడు. తీసి చూడమనేది ఆమె. ఒకసారి తీసి చూశాడు. ఒకటి, రెండు. మళ్ళీ కలిపాడు.

మాస్టారు అక్కడితో ఆపి మంచినీళ్ళు తాగారు. సుభాషిణమ్మ చాప అంచు సర్దింది. ఆమె ముఖంలో చిరాకు ఇంకా పూర్తిగా దిగలేదు.

"ఇంతకీ మేస్త్రి ఆ పెట్టె ఎప్పటికి తీస్తాడండీ?" అంది.

"ఏమోనమ్మా," అన్నారు మాస్టారు. "ఆ మాట ఎత్తడం మానేసి మూడేళ్ళయింది. ఇప్పుడు వచ్చినప్పుడల్లా దాని మీద దుమ్ము తుడిచి పంపిస్తున్నాడు."