సరిహద్దు రాళ్ళ మీద జావ

తారిణి రేపు రాజుగారికి ఒక్క మాట చెప్పాలి. ఉత్తరమా, దక్షిణమా? ఆ ఒక్క మాటా నోటికి రావడం లేదు.

నడుమల చాలా చిన్న దేశం. రెండు కొండల మధ్య ఒక కనుమ, కనుమకి అటూ ఇటూ కాసిని ఊళ్ళు, అంతే. ఉత్తరాన గుర్రాల చక్రవర్తి. దక్షిణాన ఓడల చక్రవర్తి. గుర్రాల వాళ్ళకి ఉప్పు కావాలన్నా, ఓడల వాళ్ళకి ఉన్ని కావాలన్నా ఈ కనుమ దాటాల్సిందే. ఇన్నాళ్ళూ ఇద్దరూ దాటారు. నడుమల వాళ్ళు ఇద్దరికీ నీళ్ళిచ్చారు, ఇద్దరి దగ్గరా సుంకం పుచ్చుకున్నారు, వెళ్ళాక ఇద్దర్నీ అనుకరించి నవ్వుకున్నారు. బాగానే గడిచింది.

ఈ ఏడు ఆ ఇద్దరికీ చెడింది. ఇద్దరూ రాయబారుల్ని పంపారు. ఇద్దరిదీ ఒకే పాట. "మాతో ఉండండి. అవతలివాణ్ణి కనుమ దాటనివ్వకండి. లేదా మా సంగతి మీకు తెలుసుగా." కానుక కూడా ఇద్దరిదీ ఒకటే. కనుమ నెత్తిన పాతమని, తమ ముద్ర చెక్కించిన సరిహద్దు రాయి. ఉత్తరం రాయి నల్లది, దాని మీద గుర్రం. దక్షిణం రాయి ఎర్రది, దాని మీద తెరచాప. మోకాలెత్తున బలిసిన రాళ్ళు.

నడుమలలో ఒక ఆచారం ఉంది. తగవులో ఉన్న వస్తువు ఏదైనా, తీర్పు వచ్చేదాకా కనుమ మీది మఠంలో ఉండాలి. కంచరగాడిదలు ఉన్నాయి, ఒకసారి గుడిగంట ఉంది, ఒకసారి పెళ్ళికొడుకు కూడా ఉన్నాడట. ఇప్పుడు ఈ రాళ్ళు.

రాళ్ళు దించేటప్పుడు మఠం వసారాలో పెద్ద రభస. మా రాయికి వాళ్ళ రాయి తగలకూడదని ఒకరు, వాళ్ళ రాయి కంటే మాది వెంట్రుకవాసి తగ్గకూడదని ఇంకొకరు. చివరికి భటులు కింద మట్టి తవ్వి, పోసి, మళ్ళీ తవ్వి, రెంటినీ సరిసమానంగా నిలబెట్టారు. మధ్యన మూరెడు ఎడం వదిలారు. అప్పటికి గానీ ఇద్దరు రాయబారులూ ఊపిరి పీల్చుకోలేదు.

ఆ వెంటనే వాన. తమ దేశాలకి పోయే దారులు మూసుకుపోయి, రాయబారులిద్దరూ మఠంలోనే చిక్కుకున్నారు. తుర్గాన్ అనే ఉత్తరాది పెద్దమనిషి వసారాకి ఆ చివర, మాలవర్ధనుడనే దక్షిణాది పెద్దమనిషి ఈ చివర. మధ్యలో రాళ్ళు. ఇద్దరూ వీపులు తిప్పుకుని కంబళ్ళు కప్పుకుని వణుకుతూ కూర్చున్నారు.

తారిణి ఆ వానలోనే తడుస్తూ కొండెక్కి వచ్చింది. ఆమె ఈ మఠంలోనే పెరిగింది. చదివిన చదువుకి రాజుగారు ముచ్చటపడి కొలువులోకి తీసుకున్నారు. "నా సలహాదారు ఏమంటే అదే" అని సభలో అనేశారు కూడా. ఆ మాట విన్న రోజు తారిణి నేల మీద నడవలేదు. ఇప్పుడు అదే మాట మెడకి రాయిలా వేలాడుతోంది.

మఠం పెద్ద సోమవ్వ, వంటింటి గుమ్మంలో నిలబడి పైకి చూస్తోంది. వంటిల్లు సగం కూలింది. కప్పు మీది నాపరాతి పలకలు కింద పడి, పొయ్యిని మట్టిలో కలిపేశాయి.

"వచ్చావా? ఆ గుండిగ పట్టుకో" అంది సోమవ్వ.

"అవ్వా, గుండిగ సంగతి తర్వాత. నేనేం చెప్పాలో చెప్పు. ఉత్తరం దగ్గర. కోపమొస్తే తెల్లారేసరికి గుర్రాలతో మన గుమ్మంలో ఉంటారు. దక్షిణం ధనికులు. అలిగితే మనకి ఉప్పూ ఉండదు, ఇనుమూ ఉండదు. ఎటు చూసినా నష్టమే. ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరిగినట్టుంది మన బతుకు."

"నువ్వు లేగవా?"

"మరేమిటి?"

"ఏమో. పొరుగువాళ్ళు ఏమంటున్నారు?"

"పొరుగంటే? తేనెకోనా, ఏటిమూలా, పొగమలా?" తారిణి పెదవి విరిచింది. "వాళ్ళదీ మన ఏడుపే. వాళ్ళ గుమ్మాల్లోనూ ఇవే రాళ్ళు దించుతారు రేపో మాపో. అన్నీ పిడికెడు దేశాలు. వాళ్ళతో ఏమవుతుందవ్వా?"

"సరే, గుండిగ పట్టు. అందరూ ఆకలి మీదున్నారు."

యవల పిండీ నీళ్ళూ నింపిన గుండిగ. తారిణి ఒక చెవి, సోమవ్వ ఒక చెవి పట్టుకుని వసారాలోకి తెచ్చారు.

"పొయ్యేదీ?"

సోమవ్వ గడ్డంతో చూపించింది.

తారిణి అటు చూసి, మళ్ళీ అవ్వని చూసి, గొంతు తగ్గించింది. "అవ్వా! అవి చక్రవర్తుల రాళ్ళు!"

"రాళ్ళేగా."

"ముద్రలున్నాయే! యుద్ధమొస్తుంది!"

"జావ తాగాక రానీ. కడుపు నిండినవాడికి నడుం వాల్చాలనుంటుంది గానీ, యుద్ధమెవడు చేస్తాడు?"

గొంతు ఎంత తగ్గించినా వసారా ఎంతని? రాయబారులిద్దరూ ఒక్కసారే లేచారు.

"మా చక్రవర్తి ముద్ర మీద జావ వండుతారా!" అన్నాడు తుర్గాన్.

"ఎంత తెగువ!" అన్నాడు మాలవర్ధనుడు. ఇద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదలు.

సోమవ్వ చేతులు జోడించింది. "పొరపాటే బాబూ. మీకు ఇష్టం లేకపోతే మీ రాయి వదిలేస్తాను. ఆ బాబుగారి రాయి మీదే వండుకుంటాం."

తుర్గాన్ ఆలోచనలో పడ్డాడు. కనుమ మీద కట్టెలు కరువు. ఎంత గొప్పవాడొచ్చినా మఠంలో ఒకే నిప్పు, రెండోది రాజెయ్యరు. అంటే నడుమల అన్నం దక్షిణాది రాయి మీద ఉడికిందని రేపు లోకమంతా చెప్పుకుంటుంది.

"వద్దొద్దు. మాదీ ఉండనివ్వండి" అన్నాడు.

"అయితే మాదీ ఉంటుంది" అన్నాడు మాలవర్ధనుడు, ఎవరూ అడక్కుండానే.

"మీ దయ" అంది సోమవ్వ. తారిణి నవ్వు ఆపుకోలేక తల దించుకుంది.

గుండిగ రెండు రాళ్ళ మీదకీ ఎత్తారు. చెయ్యి వదలగానే అది ముందుకు ఊగింది. పిండినీళ్ళు తారిణి పాదాల మీద పడ్డాయి.

"ఊగుతోందవ్వా!"

"ఊగదూ మరి?"

తారిణి వానలోకి పరుగెత్తి వాగు ఒడ్డు నుంచి ఒక రాయి తెచ్చింది. చేతుల్లో పట్టేంత గుండ్రాయి. దాన్ని తీసుకెళ్ళి నల్లరాయి నెత్తిన, గుండిగ కింద దోపి గట్టిగా నొక్కింది.

"భేష్!" అన్నాడు తుర్గాన్. "మా రాయిని నమ్ముకున్నవాళ్ళకి లోటుండదు."

గుండిగ ఎర్రరాయి వైపు వాలింది. ఈసారి మాలవర్ధనుడి కంబళి తడిసింది.

"అక్కడెందుకు పెట్టావే?" అంది సోమవ్వ.

"చిన్నది కదవ్వా. పెద్దదాని దన్నుంటే పడదని."

"అది పడలేదులే. గుండిగే పడబోయింది."

తారిణి రాయి లాగి ఎర్రరాయి నెత్తిన దోపింది. "చూశారా" అని మాలవర్ధనుడు మీసం దువ్వేలోపు, గుండిగ ఇటు వాలి తుర్గాన్ బూట్లలోకి ఇంత పిండినీళ్ళు పోసింది.

"అటు పెట్టమ్మా!" అన్నాడు తుర్గాన్ కాళ్ళు దులుపుకుంటూ.

"ఎటు?"

"మా వైపే... కాదు, ఆయన వైపూ కాదు... ఎటో ఒకటి, ముందు జావ మిగలనివ్వు తల్లీ!"

"ఆ గుండ్రాయి ముందుకి లాగండి" అన్నాడు మాలవర్ధనుడు. తన కంబళి పక్కన పడేసి గుండిగ చెవి పట్టుకున్నాడు. రెండో చెవి తుర్గాన్ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మోస్తున్నారు.

తారిణి గుండ్రాయిని రెంటికీ దూరంగా, వాటి మధ్య ఎడానికి ఎదురుగా పెట్టింది. ఇప్పుడు మూడు వైపులా సందు. కూర్చుని కొలిచి చూసింది. దిక్కు కుదిరింది గానీ ఎత్తు కుదరలేదు. ఆ రెండు రాళ్ళూ మోకాలెత్తు, ఇదేమో జానెడు.

"ఇంకా పెద్ద రాయి కావాలి" అంది.

"వాగులో అంత రాయి ఎక్కడుందే? మన వాగు ఎంతని?"

"మరెలా?"

 సోమవ్వ కూలిన కప్పు దగ్గరికి వెళ్ళి, ఒక నాపరాతి పలక తెచ్చి తారిణి ముందు పడేసింది. మళ్ళీ వెళ్ళి ఇంకొకటి తెచ్చింది.

"తొందరగా" అన్నాడు తుర్గాన్, గుండిగ బరువుకి వంగిపోతూ.

తారిణి పలక చేతిలోకి తీసుకుంది. బొటనవేలంత మందం కూడా లేదు. చిరాకేసింది. "అన్నీ పలచటివేనవ్వా. వీటితో ఏమవు..."

ఆగిపోయింది.

వాన చప్పుడు వినబడుతోంది. సోమవ్వ వంగి కట్టెపుల్లలు ఏరుకుంటోంది, ఏమీ విననట్టు.

 తారిణి తనే లేచి వెళ్ళి పలకలు చేతినిండా మోసుకొచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చింది. కదిలేచోట చిన్న పెంకు దోపింది. కొంచెం వంకరగా ఉన్నదాన్ని తిరగేసింది. పైన తన గుండ్రాయి పెట్టి, అరచేత్తో నొక్కి చూసి, "దించండి" అంది.

దించారు. గుండిగ కదల్లేదు.

సోమవ్వ నిప్పు రాజేసింది. మూడు సందుల్లోంచీ గాలి లోపలికి పోయింది. మంట బుస్సుమని లేచింది. కాసేపటికి గుర్రం మీదా తెరచాప మీదా ఒకేలా మసి పట్టింది. ఏ రాయి ఎవరిదో రంగు చూసి చెప్పడం కష్టమైపోయింది.

"ఉప్పు లేదు" అంది సోమవ్వ గరిటె తిప్పుతూ, ఎవరితోనో కానట్టు.

మాలవర్ధనుడు సంచీ విప్పాడు. తుర్గాన్ ఊరుకుంటాడా? జడలబర్రె వెన్న ముద్ద తీసి గుండిగలో వేశాడు. ఆ మఠంలో జావకి అలాంటి వాసన ఎప్పుడూ రాలేదు. ఇద్దరూ మంటకి చెరో పక్క చేరి, చేతులు చాచారు. బూట్లు ఆరబెట్టుకున్నారు. రెండో చిప్పకి వచ్చేసరికి మాలవర్ధనుడు, "మీ గుర్రాలకి మా ఉప్పు ఎంత మోతాదులో పెడతారు?" అని అడిగాడు. తుర్గాన్ చాలాసేపు చెప్పాడు.

చివరికి తుర్గాన్‌కే గుర్తొచ్చింది. "అమ్మాయీ, రేపు మీ రాజుగారితో ఏం చెబుతావు? ఎవరి రాయి పాతుతారు?"

తారిణి చిప్ప కింద పెట్టి, గుండిగ వంక చూపించింది. ఇంకా సగం ఉంది.

"మీది తీసుకెళ్ళి పాతుకోండి. ఇప్పుడే."

"ఇప్పుడా? తీస్తే జావంతా..." తుర్గాన్ మాట మింగాడు.

"పోనీ, మీరు?" అంది మాలవర్ధనుడితో.

ఆయన తన చిప్ప ముందుకి చాచాడు. "ముందు ఇంకాస్త పొయ్యమ్మా."

మర్నాడు వాన తెరిపివ్వగానే తారిణీ, రాయబారులూ కొండ దిగారు. సభలో రాజుగారు సింహాసనం అంచున కూర్చుని అడిగారు. "తారిణీ, ఉత్తరమా, దక్షిణమా?"

"మహారాజా, ముందు తేనెకోనకీ, ఏటిమూలకీ, పొగమలకీ మనుషుల్ని పంపించండి. మఠానికి భోజనానికి రమ్మనండి. కట్టెలు కూడా ఎక్కువే తెప్పించాలి."

"అది సరే. ఆ రాళ్ళో?"

"పొయ్యిలో ఉన్నాయి మహారాజా. బాగా కాలుతున్నాయి. ఇప్పుడు కదలవు."

రాజుగారు హడలిపోయి రాయబారుల వంక చూశారు. తుర్గాన్ పైకప్పు చూస్తున్నాడు. మాలవర్ధనుడి మీసానికి ఇంకా కొంచెం జావ అంటుకుని ఉంది. 

తేనెకోన వాళ్ళు తేనె తెచ్చారు. పొగమల వాళ్ళు ఆలస్యంగా వచ్చారు, ఏటిమూల వాళ్ళు దారంతా పొగమల వాళ్ళని తిడుతూ వచ్చారు. అందరూ వసారాలో పొయ్యి చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. కనుమ తెరిచే ఉంది. మబ్బు విడిచాక ఉత్తరాది గుర్రాలూ, దక్షిణాది ఉప్పుబస్తాలూ మళ్ళీ ఎదురెదురుగా దాటడం మొదలుపెట్టాయి.

తారిణి సంతోషం పట్టలేక సోమవ్వ దగ్గరికి పరుగెత్తింది. "అవ్వా! నిలబడిపోయింది చూశావా? ఇక మనకి దిగుల్లేదు!"

సోమవ్వ ఒక కన్ను మూసి, గుండిగ అంచు వంక చూసింది.

"మన వైపు కాస్త కుంగినట్టుందే" అంది.

తారిణి నవ్వు ఆపి, కొంగు దోపుకుని, పొయ్యి ముందు కూర్చుంది. ఏటిమూల మనిషి గుండిగ ఎత్తి పట్టుకుంటే, ఇంకొక పలక దోపింది.