చిలుక చిన్నబుచ్చిన నూకలు

ధాన్యం మిల్లు వెనక పెరట్లో చుక్కల కోడిపెట్టది పెద్ద సంసారం. మిల్లు తలుపు సందులోంచి రాలే నూకలతోనే ఎనిమిది పిల్లల్ని సాకుతోంది.

ఒకనాడు దొరల క్లబ్బు పంజరంలోంచి తప్పించుకొచ్చిన చిలుక ఆ పెరటి జామచెట్టెక్కింది. కింద పిల్లల మేత చూసి ముక్కు తిప్పింది.

"ఛీ! చికెన్ ఫీడ్!"

"అంటే ఏంటి చిలకత్తా?" అంది అన్నిట్లోకీ పొట్టిపిల్ల.

"కోడిమేత. లెక్కలోకి రాని దేన్నైనా ఇంగ్లీషులో అలాగే తీసిపారేస్తారు."

అంతే! సిగ్గుతో పిల్లలు నూకలు ముట్టడం మానేశాయి. మర్నాటికి పొట్టిది నిలబడలేక తూలింది. పెట్ట దాన్ని రెక్క కిందికి లాక్కుంది.

"ఆ చిలుకను తరిమెయ్యవే" అన్నాడు పక్కనే కట్టేసి ఉన్న మిల్లు బండెద్దు.

"అన్నవాళ్లను తరిమితే అన్న మాట పోతుందా మావా?" అని పెట్ట పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"వినండర్రా. ఆ ఇంగ్లీషువాళ్ల దేశంలోనూ మంచి గింజ మనుషులు దాచుకుని, నాసిది కోళ్లకు చల్లేవాళ్లు. అందుకే కొంచెపు వాటికి ఆ పేరు పడింది. మరి ముందు పుట్టింది మేతా, మాటా?"

"మేత!"

"ఆ మేత తిని గుడ్డు పెట్టిందెవరు?"

"కోడి!"

"ఆ గుడ్డు తిన్న నోరే ఈ మాటా అంది. అదీ సంగతి."

పిల్లలు తలలైతే ఊపాయి గానీ ముక్కులు వంచలేదు.

ఆ రాత్రి గాలివానకు జామకాయలన్నీ రాలి బురదలో కలిశాయి. తెల్లారాక చిలుక చూపు పదేపదే చూరు కింద తడవని నూకల మీదికి పోవడం పెట్ట కనిపెట్టింది. అక్కడ పొడినేల మీద నూకలు కుప్పగా చిమ్మి, "పదండి, ఈ పనికిమాలినవి చీమలకే" అని గట్టిగా అని, పిల్లలతో బండిచాటున నక్కింది.

చిలుక అటూ ఇటూ చూసి దిగింది. టకటకా మొదలెట్టింది.

"రుచిగా ఉన్నాయా చిలకమ్మా?" అంటూ పెట్ట బండిచాటునుంచి బయటికొచ్చింది.

"అబ్బే, చీమలున్నాయేమోనని చూస్తున్నా!"

ఎర్రముక్కు నిండా తెల్లటి పిండి.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చూశాం గానీ, తినబోయే కంచాన్ని ముందే తిట్టినదాన్ని ఇప్పుడే చూశాం!" అని బండెద్దు విరగబడి నవ్వాడు.

అప్పటికే పొట్టిది కుప్ప మీద పడింది. వెనకే మిగతా ఏడూ.

బెదిరి ఎగరబోయిన చిలుక ముందుకు పెట్ట గుప్పెడు నూకలు నెట్టి, మెడ నిటారుగా ఎత్తింది.

"తినమ్మా. ఇంగ్లీషువాళ్లు ఏమైనా అననీ, మనవాళ్లు ఆయుష్షును కొలిచేది వీటితోనే. నీకింకా భూమ్మీద నూకలున్నాయి!"

నీతి: ఎదుటివాళ్ల కంచాన్ని వెక్కిరించిన నోరు, ఆకలేసిన రోజున అక్కడే తలవంచుతుంది.