ఆగిన బండి వేడి

కాశింవలీ మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. పాన చేతిలోకి తీసుకుని ఏదో ఒక బండి దగ్గరికి నడిచేవాడు, అడిగినవాడు వెనకాలే వెళ్లాలి. జవాబు దొరికేసరికి మోచేతుల దాకా గ్రీజు అంటుకునేది. అడిగిందేమిటో సగంలో మరిచిపోయినవాళ్లు కూడా ఉన్నారు. రాజమండ్రిలో ఆయన దగ్గర పని నేర్చుకుని సొంత షెడ్లు పెట్టుకున్నవాళ్లు చాలామందే. నేర్చుకున్నాక కూడా ఆయన్ని అంటిపెట్టుకుని ఉండిపోయినవాడు వీరభద్రం. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, పెళ్లాం పిల్లా ఉన్నవాడు, పనిలో చెయ్యి తిరిగినవాడు. ఆరోజు పొద్దున్న షెడ్డు తలుపులు తీస్తూ అతను అడిగిన ప్రశ్న మాత్రం బండ్ల గురించి కాదు.

"మేస్త్రీగారూ, మా నాన్న నన్ను బెల్టు పెట్టి బాదేవాడండి, మీకు తెలుసు కదా. నాకు పిల్ల పుట్టినప్పుడే ఒట్టేసుకున్నాను, దాని మీద చెయ్యెత్తను, గొంతెత్తను అని. ఇప్పటిదాకా హారికని పల్లెత్తు మాట అనలేదండి. ఎంత కోపం వచ్చినా లోపలే మింగేశాను. మరి అది నన్ను చూసి ఎందుకండీ భయపడుతోంది?"

అడగడానికి కారణం ముందురోజు సాయంత్రమే జరిగింది. వీరభద్రం సందు మలుపు తిరిగేసరికి తన ఇంట్లోంచి కూతురి నవ్వు వినిపించింది. పడీ పడీ నవ్వుతోంది. ఏమిటో ఆ సంగతి, తనూ నవ్వుదామని మోటారు సైకిలు గబగబా పోనిచ్చాడు. బండి చప్పుడు గుమ్మం దాకా వచ్చిందో లేదో, నవ్వు టక్కున ఆగిపోయింది. లోపలికి వెళ్లేసరికి టీవీ కట్టేసి ఉంది, పిల్ల వెనక గదిలో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. అన్నం తిన్నాక భార్య లోవకుమారి మెల్లగా చెప్పింది. వచ్చే ఏడు తునిలో అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటానంటోందట హారిక. అమ్మమ్మ ఆదివారం వస్తోంది, మాట్లాడి తేల్చుకోవడానికి. "నాన్న తిట్టాడా అంటే లేదంది. కొట్టాడా అంటే లేదంది. మరెందుకే అంటే, ఏమో అంది" అని చెప్పి లోవకుమారి గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుకుంది. కన్నకూతురు ఇల్లు వదిలిపోతానంటే ఏ తండ్రికైనా బాధగానే ఉంటుంది. కారణం తనేనని తెలిసి, తను చేసిన తప్పేమిటో తెలియకపోవడం అంతకంటే ఘోరం.

కాశింవలీ మేస్త్రీ అంతా విని, "సత్తిరాజుగారి జీపు తాళాలు తీసుకురా" అన్నాడు.

వీరభద్రానికి అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి మాత్రం ఏమీ అనలేదు, అతని పద్ధతే అది. ఆ జీపు పేరెత్తితేనే అతనికి ఒళ్లు మండుతోంది. సత్తిరాజు మారేడుమిల్లి ఘాటు రోడ్డులో తిరిగే సరదా ఉన్న మనిషి. ఇంజను దమ్ము పెరగాలని బయటినుంచి హెడర్లు తెప్పించుకున్నాడు. హెడర్లంటే మరేం లేదు, ఇంజనులో కాలిన పొగని బయటికి మోసుకుపోయే గొట్టాలు. కంపెనీ వాళ్లిచ్చే బరువైన పోత ఇనుము తీసేసి, వాటి స్థానంలో ఇవి బిగిస్తారు. పొగ తేలిగ్గా పోతుంది, బండి ఉషారుగా ఎక్కుతుంది. కానీ పాత దాని మీద ఉండే రేకు కవచం వీటికి పట్టదు. గొట్టాల వేడి నేరుగా చుట్టుపక్కలకి కొడుతుంది. ఆ సంగతి తెలిసినవాడే కనక వీరభద్రం గొట్టాలకి వేడి ఆపే పట్టీ ఒత్తుగా చుట్టాడు, సందుల్లో రేకులు బిగించాడు, బానెట్ వెనక అంచున ఉన్న కాస్త ఖాళీని కూడా రబ్బరుతో మూసేశాడు. బానెట్ ఎత్తి, ఇంజను ఎంతసేపు గట్టిగా తిప్పినా ఏదీ మాడలేదు. చేతులు దులుపుకుని బండి అప్పగించాడు.

వారం తిరక్కుండా సత్తిరాజు మండిపడుతూ వచ్చాడు. ఘాటు ఎక్కేటప్పుడు బండికి ఏ రోగమూ లేదట. పైన టీ తాగుదామని ఆపితే మాత్రం మళ్లీ స్టార్టు కాదు, ఏదో కాలిన వాసన. అడవిలో పెళ్లాం పిల్లల చేత జీపు తోయించాల్సి వచ్చిందని నలుగురిలో అరిచి వెళ్లాడు. వీరభద్రం పంటి బిగువున ఊరుకున్నాడు. మళ్లీ బానెట్ ఎత్తి, మళ్లీ చూశాడు. మళ్లీ ఏమీ కనబడలేదు.

ఇప్పుడు మేస్త్రీ పక్క సీట్లో కూర్చుని, "కొంచెం గట్టిగానే తోలు" అన్నాడు. హైవే మీద చాలా దూరం వెళ్లి, ఎండ ముదిరాక వెనక్కి తిరిగారు. దారిలో వీరభద్రం మామూలుగానే కబుర్లు చెప్పాడు. షెడ్డులో పదిమంది మధ్య ఉన్నంతసేపూ అతనంత సరదా మనిషి ఇంకొకడు ఉండడు. ముసలి మేస్త్రీ కూడా రెండుసార్లు నవ్వాడు. షెడ్డు ముందు బండి ఆగగానే వీరభద్రం దిగి, అలవాటు చొప్పున బానెట్ మీద చెయ్యి వేశాడు.

మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తియ్యకు. మనం చూస్తున్నప్పుడు మూత తెరిచే ఉంటుంది. మనం లేనప్పుడు దీని బతుకెలా ఉంటుందో అదీ చూద్దాం."

మెకానిక్కు అన్నవాడు పొరపాటున కూడా చెయ్యని పని అది. బండి ఆగితే బానెట్ ఎత్తాలి, అదే వాళ్ల లోకం. ఇద్దరూ ఎదురుగా బల్ల మీద కూర్చుని టీ తెప్పించుకున్నారు. ఆదివారం దగ్గర పడుతోంది, తను ఒకటి అడిగితే ఈయన ఇంకొకటి చూపిస్తున్నాడు అని వీరభద్రం లోపల కుతకుతలాడిపోయాడు. గ్లాసులు ఖాళీ అయ్యాక మేస్త్రీ తల ఊపాడు.

బానెట్ ఎత్తగానే వేడి ఫెళ్లున మొహానికి కొట్టింది. అంతకుముందు షెడ్డులో మూత ఎత్తి ఇంజను తిప్పినప్పుడు అందులో పావు వంతు కూడా లేదు. వీరభద్రం రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంటండి, ఇంజను ఆపేసి ఇంతసేపయింది కదా!"

"ఆపావు కాబట్టే" అన్నాడు మేస్త్రీ. "పరిగెడుతున్నంతసేపూ గాలి తీసుకుపోతుంది. ఆగాక గాలి లేదు, ఫ్యాను లేదు, రేడియేటరు నీళ్లు తిరగవు. గొట్టం మింగిన వేడి గొట్టంలోనే ఉంది కదా, అది ఎక్కడికి పోవాలి? సందులన్నీ నువ్వే మూసేశావాయె. ఆ పట్టీ దగ్గర చెయ్యి పెట్టి చూడు."

వీరభద్రం జాగ్రత్తగా అరచెయ్యి చాపాడు. పట్టీ చుట్టిన గొట్టం దగ్గర వేడి ఉంది గానీ, భరించలేనంత లేదు. "పెద్దగా లేదండి" అన్నాడు, కాస్త గర్వంగానే.

"ఇప్పుడు ఆ వైరు పట్టుకో."

గొట్టం పక్కనుంచి, బండిని స్టార్టు చేసే సెల్ఫ్ మోటారుకి వెళ్లే వైరు అది. గుడ్డ వేసి పట్టుకుని కొంచెం వంచాడో లేదో, పైతొడుగు పెళుసుబారి పెంకులు పెంకులుగా రాలిపోయింది. లోపలి రాగి తీగ నల్లగా బయటపడింది. దాన్ని పట్టుకుని ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు వేళ్ల మధ్యే పొడి అయిపోయింది. ఆ పక్కన ఇంకొక వైరు ఉంది. మేస్త్రీ దాన్ని తనే వంచి చూశాడు. రంగు మారింది, కానీ వంగింది.

"గొట్టాన్ని అడిగితే నేను బాగానే ఉన్నానంటుంది, భద్రం. పక్కనున్న వైరుని అడగాలి."

రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లి తను చేసేదేమిటో వీరభద్రం కళ్లకి కట్టింది. బండి ఆపుతాడు. చొక్కా విప్పి కుర్చీలో కూలబడతాడు. సత్తిరాజు మీద కోపమో, ఇంకెవరి మీద కోపమో, దవడలు బిగించుకుని గోడ వైపు చూస్తాడు. లోవకుమారి ఏం అడిగినా ఊఁ అంటాడు, ఊహూఁ అంటాడు. కంచం చప్పుడు కాకుండా వచ్చి ముందు పడుతుంది. హారిక ఆ గదిలోంచి ఈ గదిలోకి మునివేళ్ల మీద నడుస్తుంది. ఒక్క మాట అనలేదని ఇన్నాళ్లూ అతను గర్వపడిన ఇల్లు అది. అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. ముసలాయన పాన తుడుచుకుంటూ అటు తిరిగాడు.

తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. వెనక అంచున మూసిన రబ్బరు పీకేశారు. బానెట్ మీద రేకు కోసి, వేడి పైకి పోయేలా చీలికలు తెరిచారు. గొట్టానికి అంటుకుపోయిన రేకుల్ని విప్పి, మధ్యలో గాలి ఆడేలా ఎడంగా బిగించారు. పెళుసుబారిన వైరు తీసి కొత్తది వేశారు. వంగిన వైరుని మాత్రం మేస్త్రీ తియ్యనివ్వలేదు. గొట్టానికి దూరంగా జరిపి, మెత్తని తొడుగు వేసి, "ఇది బతుకుతుంది" అన్నాడు. ఇంజను ఆగాక కూడా కాసేపు తిరిగేలా ఫ్యానుకి విడిగా కనెక్షను ఇచ్చారు. ఇంత చేసినా గొట్టాల వేడి ఎప్పటి వేడే. దానికి పోయే దారి దొరికింది, అంతే.

సోమవారం వీరభద్రం షెడ్డుకి వచ్చేసరికి మేస్త్రీ సత్తిరాజు జీపు మీదే వంగి ఉన్నాడు. ఏమయిందని అడగలేదు. వీరభద్రమే చెప్పాడు. జీపు పని చేసిన రోజు సాయంత్రం అతను బండి ఆపి లోపలికి వెళ్లలేదట, గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాడట. హారిక తలుపు పట్టుకుని తొంగి చూసింది.

"ఇవాళ నాకు చాలా కోపం వచ్చిందమ్మా, ఇంకా తగ్గలేదు, నీ మీద మాత్రం కాదు అని చెప్పానండి. అది చాలాసేపు అక్కడే నిలబడింది. లోపలికి పోతుందనుకున్నాను. పోలేదండి. కింది మెట్టు మీద, నాకు ఎడంగా కూర్చుని, మరి ఎవరి మీద నాన్నా అని అడిగింది."

"మీ అత్తగారు వచ్చిందా?"

"వచ్చి వెళ్లిందండి. సెలవుల దాకా చూద్దామన్నారు. హారిక ఉంటాననీ అనలేదు, వెళ్తాననీ అనలేదు. నాకింకా భయంగానే ఉందండి."

మేస్త్రీ జీపులోకి చెయ్యి చాచి, ఆవేళ తియ్యనివ్వని వైరుని రెండు వేళ్లతో మెల్లగా వంచి వదిలాడు.

"వంగుతోంది కదా" అన్నాడు.