నీటికుక్క పట్టిన గొడుగు

రండి, అరుగు మీదున్నవాళ్లు కూడా చాప మీదికి జరగండి. ఈ కథలో ఒక వాగు రంగు మారుతుంది.

ఇప్పలకోన అనే అడవిలో పింఛయ్య అనే నెమలి, కోరయ్య అనే అడవిపంది, బుడుంగమ్మ అనే నీటికుక్క ఉండేవి. నీటికుక్క అంటే మొరిగే కుక్క కాదర్రా, వాగులో మునిగి చేపలు పట్టే జంతువు.

ఒకరోజు పొద్దున్నే వాగు ఊదారంగుకు తిరిగి కంపు కొట్టింది. ఎగువన నూలుకు రంగులద్దేవాళ్లు రంగునీళ్లు వాగులోకి వదలడం మొదలుపెట్టారు. చేపలు మాయమయ్యాయి. బుడుంగమ్మ పిల్లలు మూడూ ఆకలితో, దాహంతో కీచుకీచుమన్నాయి.

"మొగలిపూలు వేస్తే సరి" అన్నాడు పింఛయ్య. వేశాడు. కంపు పోయింది. రంగు పోలేదు.

బుడుంగమ్మ గట్టు వెంట పరుగెత్తింది. ఒకచోట పిల్లకాలువకు అడ్డంగా పుచ్చిన దుంగ పడి ఉంది. దుంగ నిండా తెల్లని బూజు దారాలు, పైన కుక్కగొడుగులు. దుంగకు ఇవతల నీళ్లు ఊదాగా ఉన్నాయి. అవతల తేటగా ఉన్నాయి. బుడుంగమ్మకు సంగతి తట్టింది. చెక్కను అరిగించే బూజు రంగునూ అరిగించేస్తోంది.

"కోరయ్య బావా, పుచ్చిన దుంగలన్నీ వాగులోకి దొర్లించు."

పింఛయ్య పగలబడి నవ్వాడు. "నీటికుక్కకు కుక్కగొడుగు. జోడీ భలే కుదిరింది."

"గొడుగు ఎవరిదైతే ఏం మామా, తడవకపోతే చాలదూ?" అంది బుడుంగమ్మ.

కోరయ్య దుంగలు దొర్లించి, "ఈ బూజు గీకేయనా, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు.

"అయ్యో బావా, పనిచేసేదే అది."

ఒకరోజు గడిచింది. మార్పు లేదు. మూడు రోజులైంది. ఊదా కాస్త పలచబడింది. దారాలు దుంగ నుంచి దుంగకు పాకాయి. ఎనిమిదో పొద్దున దుంగల దిగువన అడుగున గులకరాళ్లు కనిపించాయి. అయినా బుడుంగమ్మ పిల్లల్ని ఆపింది. చేపపిల్లలు వచ్చి ఈదాకే, "ఇక దూకండి" అంది.

పింఛయ్య మాత్రం దుంగలకు ఎగువన, పూలవాసన వేసే ఊదా నీళ్లే తాగాడు. తొలిమేఘం వచ్చింది. పురి విప్పాడు, నోరు తెరిచాడు. గుర్రుమనడం తప్ప గొంతు పెగల్లేదు. తలదించుకుని దుంగల దగ్గరికి వచ్చాడు.

"తాగు మామా" అంది బుడుంగమ్మ. "గొడుగు కింద చోటుంది."

ఇక లేవండి, ఇళ్లలో అన్నం చల్లారిపోతోంది. దారిలో కుక్కగొడుగులు కనిపిస్తే చూడండి, నోట్లో మాత్రం పెట్టకండి. ఈ ఒక్కమాట చెప్పుకుంటూ వెళ్లండి.

నీతి: పేరు విని నవ్వేవాడికి గొంతెండుతుంది, పని చూసి నమ్మేవాడికి తేటనీరు దొరుకుతుంది.