ఐదాకుల కొలువు

ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండలే కాసే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని రణభీమ మహారాజు ఏలుతుండేవాడు. కీర్తి అంటే ఆయన చెవి కోసుకునేవాడు.

ఒక ఏడు ఆయనకు మంచి ఆలోచన వచ్చింది. ఇది వెటకారం కాదు, ఆలోచన నిజంగా మంచిదే. వంటచెరకు కోసం నరికీ నరికీ, ఊరి పొలిమేరలోనే ఉండే అడవి మూడు రోజుల నడక దూరానికి జరిగిపోయింది. దీపాలకు వాడే కానుగ నూనె కూడా ఆ అడవి నుంచే రావాలి. అందుకని ఆయన నిండు సభలో ఇలా ప్రకటించాడు: "ఇకమీదట మన రాజ్యంలో ఇళ్ళు వాటంతట అవే చల్లగా ఉండాలి. పగటిపూట వాటంతట అవే వెలుగుతో ఉండాలి. కట్టె మిగలాలి, నూనె మిగలాలి, మనిషి కష్టం మిగలాలి."

ఆ పని మంత్రి పురందరయ్య చేతిలో పడింది. అక్కడితో దాని ప్రాణం సగం పోయింది.

పురందరయ్య పన్నెండుమంది పండితులను కూర్చోబెట్టి మూడు వందల తాటాకుల గ్రంథం రాయించాడు. దానికి శీతల గృహ ప్రమాణం అని పేరు. ఉద్యోగులు ఆ గ్రంథం పట్టుకుని ఇల్లిల్లూ కొలుస్తారు. నెగ్గిన ఇంటి ద్వారబంధం మీద రాగితో చేసిన వేపాకు బిగిస్తారు. ఇంటి గొప్పను బట్టి ఒక ఆకు నుంచి ఐదాకుల వరకు. అయితే కొలిచేవాళ్ళు మాఘమాసంలోనే బయల్దేరేవారు. వేసవిలో తిరిగితే వాళ్ళకి వడదెబ్బ తగులుతుంది మరి! మాఘమాసం పొద్దున్నే ఎవరింట్లో అడుగుపెట్టినా వెన్నులోంచి చలి పుడుతుంది.

మొట్టమొదట రాజుగారి కొలువుకూటానికి ఐదాకులు వచ్చాయి. తర్వాత మంత్రుల మేడలకు, సేనాపతుల మేడలకు, వాళ్ళ బావమరుదుల మేడలకు వచ్చాయి. ఏటా విజయదశమి నాడు పురందరయ్య సభలో లేచి, "ప్రభూ, ప్రగతి అద్భుతంగా ఉంది" అని చదివేవాడు. సభ చప్పట్లు కొట్టేది. అడవి మాత్రం మరో రోజు నడక దూరం జరిగేది.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. "మా రాజధానిలో ఆకు లేని ఇల్లు ఒక్కటీ లేదని రాతి మీద శాసనం చెక్కించాలి" అని రాజుగారు ముచ్చటపడ్డారు. లెక్క చూస్తే ఆకు లేనివి అరవై ఇళ్ళు తేలాయి. అన్నీ మట్టిగోడల వీధిలోనివే. గ్రంథంలో రాతిగోడకు కొలత ఉంది, ఇటుక గోడకు ఉంది, గాజు తలుపుల కిటికీకి ఉంది. మట్టిగోడ అన్న మాటే లేదు. రాసిన పన్నెండుమందిలో మట్టింట్లో పుట్టినవాడు ఒక్కడూ లేడు.

పురందరయ్య దానికి సులువైన దారి కనిపెట్టాడు. ఆకు లేని ఇళ్ళన్నీ పడగొట్టేస్తే ఆకు లేని ఇల్లు ఉండదు కదా! జ్యేష్ఠ పౌర్ణమికి ముహూర్తం పెట్టించాడు.

శాసనం రాసే పని కోనప్పది. ఆస్థానంలో ఇరవై ఏళ్ళుగా శాసనాలు రాస్తున్నవాడు. నోరు మహా చురుకు. అతను నోరు విప్పితే రాజుగారు పడీ పడీ నవ్వేవారు. ఆ నవ్వు ఉన్నంత కాలమే తన కొలువు ఉంటుందని కోనప్పకు తెలుసు. అందుకే నవ్వించడానికి పనికిరాని నిజాలను చాలావరకు మింగేసేవాడు.

ఒకరోజు పొద్దున, ఏటా అతని ఇంటి గోడలు అలికిపోయే నీలాలమ్మ వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"బాబుగారూ, పున్నానికి మా ఇళ్ళు కూలగొడతారంట. నిజవేనా?"

"నిజమే, నీలాలమ్మా."

"ఆ మాట రాతి మీద రాసేది మీరేనంట గదా?"

కోనప్ప తల ఎత్తలేకపోయాడు. "రాయమన్నారు."

"రాద్దురుగాని. రాసే ముందర ఓసారి మజ్జేన్నం పూట మా ఇంటికొచ్చి కూకోండి. ఏది కూలగొడతన్నారో ఒక్కరికైనా తెలవాల గదా."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కోనప్ప ఏదో చమత్కారం ఆడి తప్పించుకునేవాడు. తప్పించుకునే దారి లేక ఆ మధ్యాహ్నమే వెళ్ళాడు.

రోహిణి కార్తె. బయట నేల మీద కాలు పెడితే బొబ్బలెక్కుతోంది. చూరు ఎంత కిందికి దించి కట్టారంటే నడుము వంచితే తప్ప లోపలికి పోలేకపోయాడు. ఆ చూరు వల్ల గోడకు ఎండ పొడ తగలదు. గోడలు మూరన్నర మందం. పైకప్పు రెండు వరసల తాటాకు, వరసల నడుమ చెయ్యి పట్టేంత గాలి సందు. ఎదురెదురు గోడల్లో రెండు కన్నాలు. వాటిలోంచి గాలీ వస్తోంది, చాప అల్లుకునేంత వెలుతురూ వస్తోంది. కూర్చున్న కాసేపటికే కోనప్ప ఒంటి మీద చెమట ఆరిపోయింది.

"ఎవరు కట్టారమ్మా ఈ ఇల్లు?"

"మా ఆయన, పోలయ్య."

"ఏడీ?"

"మీ కొలువులోనే గదా బాబూ ఉంటాడు! పడమటి గోడ బయట ఎండలో కూకుని పంకా తాడు లాగుతాడు. ఇరవయ్యేళ్ళయింది. ఇంత సల్లటి ఇల్లు కట్టాడా, వేసంగిలో ఒక్క మజ్జేన్నవైనా దీంట్లో కూకోలేదు."

ఇరవై ఏళ్ళు. తాను కొలువులో చేరిందీ అప్పుడే. ఇన్నేళ్ళూ ఆ గాలి కింద కూర్చుని రాశాడే గాని, తాడు అవతలి కొస ఎవరి చేతిలో ఉందని ఒక్కసారి అడగలేదు. కోనప్పకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంటికి వెళ్ళి ఘంటం పట్టాడు.

ఆ రాజ్యంలో శాసనాలకు ఒక ఆచారం ఉండేది. వెనకటికి రాజుగారి ముత్తాత ఒక శత్రువును యుద్ధంలో చంపానని శాసనం వేయించుకున్నాడు. ఆ శత్రువు మరుసటి నెలలో కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చాడు. ఆ పరువు నష్టం తట్టుకోలేక పెద్దాయన ఒక నియమం పెట్టాడు. ఉలి రాతికి తగలక ముందు, శాసనంలోని మాట నిండు సభలో మూడు గడియల సేపు నిజమై నిలవాలి. దాన్ని నిలుపు అనేవారు. నిలుపు పూర్తికాకుండా రాజు సింహాసనం దిగితే ఆ మాట చెల్లదు. పోనుపోను అది ముగ్గురు పండితులు తలలూపి తాంబూలాలు పుచ్చుకునే తంతుగా మారింది గాని, ఆచారాన్ని కొట్టేసినవాడు ఎవడూ లేడు.

కోనప్ప శాసనం ప్రతి తీసుకుని పురందరయ్య దగ్గరకు వెళ్ళాడు.

"అమాత్యా, ఊరి సంగతంతా వచ్చింది. ప్రభువుల కొలువుకూటం గురించి ఒక్క వాక్యమైనా లేకపోతే వెలితిగా ఉండదూ?"

"రాయవయ్యా, రాయి! ఏమని రాస్తావు?"

"ఈ కొలువుకూటం నడివేసవిలో మిట్టమధ్యాహ్నం సైతం, దీపం వెలగకుండా, మనిషి చెయ్యి కదలకుండా, తనంతట తానే వెలుగుతో చల్లదనంతో అలరారుతుంది, అని."

పురందరయ్య ముఖం విప్పారింది. "భేష్! మా గ్రంథంలో కూడా ఇంత అందంగా చెప్పలేదు."

"చిన్న సందేహం. పంకాలు ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. లాగేవాడెక్కడ? గోడకు బయట. తాడు కన్నంలోంచి లోపలికి వస్తుంది. మా కొలత గోడ లోపలి వరకే."

"పడమటెండ పడుతోందని కిటికీలన్నీ రాతితో మూయించాం. అందుకని పట్టపగలు నూట ఎనిమిది దీపాలు వెలుగుతున్నాయి..."

"అవి మంగళ దీపాలు. శుభం కోసం వెలిగేవి వెలుగు కోసం వెలిగినట్టు కాదు."

"గుమ్మాలకు కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లే ముప్పైమంది?"

"వాళ్ళు తోట ఉద్యోగులు. ఇంటి లెక్కలోకి ఎలా వస్తారు?"

కోనప్ప చేతులు జోడించాడు. "ఇంత సూక్ష్మం నా బుర్రకు తట్టలేదు సుమండీ" అన్నాడు.

పౌర్ణమి ఇంకా రెండు రోజులుందనగా మధ్యాహ్నం సభ తీరింది. కోనప్ప శాసనం చదివాడు. కొలువుకూటం వాక్యం రాగానే రాజుగారు మీసం దువ్వుకున్నారు.

"ప్రభూ, ఊరి మాటకు నిలుపు పౌర్ణమి తర్వాత. ఇప్పుడు ఈ వాక్యానికి నిలుపు" అన్నాడు కోనప్ప.

"కానివ్వు!"

"అయితే దీపాలు ఆర్పించండి. తాళ్ళు వదిలేయమనండి. తడికలు తడపవద్దనండి. తలుపులు కూడా మూయించండి ప్రభూ, కొలత గోడ లోపలి వరకే కదా."

పురందరయ్య దిగ్గున లేచాడు. "ప్రభూ, ఇదంతా దేనికి? గ్రంథం ఉందిగా!"

రాజుగారు కనుబొమలు ముడిచారు. "ఐదాకులు ఇచ్చింది నువ్వే. నీకే నమ్మకం లేదా?"

పురందరయ్య మళ్ళీ కూర్చున్నాడు.

దీపాలు ఆరాయి. కొలువుకూటం కారుచీకటైంది. తల మీద పంకాలు ఊగి ఊగి ఆగిపోయాయి. తర్వాత ఒక మూల నుంచి నిట్టూర్పు, ఇంకో మూల నుంచి "అబ్బా!" అన్న మూలుగు వినిపించాయి. పండితుల విభూతి, గంధం, కుంకుమ ఏకమై గడ్డాల మీంచి కారాయి. సేనాపతి కవచం విప్పబోయి పక్కనున్న రాయబారి ముక్కు మీద మోచేత్తో పొడిచాడు. కాలం కొలిచే గడియ గిన్నె మునిగిందో లేదో కనపడక, గంట కొట్టేవాడు నీళ్ళలో చెయ్యి పెట్టి తడుముకోవలసి వచ్చింది. ఆస్థాన జ్యోతిష్కుడు సొమ్మసిల్లి ఎవరి ఒళ్ళోనో పడ్డాడు. ఎవరి ఒళ్ళో చివరికీ తేలలేదు.

"కోనప్పా, ఇంకా ఎంతసేపు?" చీకట్లోంచి రాజుగారి గొంతు నీరసంగా వచ్చింది.

"ఇంకో గడియన్నర, ప్రభూ."

"మా నాలుక పిడచకట్టుకుపోయిందయ్యా!" రాజుగారు కిరీటం చేత్తో పట్టుకుని సింహాసనం దిగేశారు. "ఆ వాక్యం కొట్టెయ్! ముందు మమ్మల్ని ఎక్కడికైనా చల్లటి చోటుకి తీసుకుపో!"

"అలాంటి చోటు ఒకటుంది ప్రభూ. కాని దానికి ఒక్క ఆకూ లేదు. ఎల్లుండి పడగొడుతున్నారు."

"పడగొట్టే లోపల పద!"

పల్లకీలు మట్టిగోడల వీధికి వచ్చాయి. రాజుగారు చూరు కింద నడుము వంచి లోపలికి వెళ్ళి చాప మీద చతికిలబడ్డారు. నీలాలమ్మ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగారు. చెమట ఆరింది. చుట్టూ చూశారు.

"పంకా ఏదీ కనపడదేం?"

"లేదు దొరా" అంది నీలాలమ్మ.

"అబద్ధం. గోడ వెనక ఎవడో లాగుతున్నాడు." ఇద్దరు భటులను పంపారు. వాళ్ళు ఇల్లంతా చుట్టి వచ్చి, "ప్రభూ, వెనక ఒక మేక పడుకుని ఉంది. తాడైతే ఉంది గాని, అది దాని మెడకే ఉంది" అన్నారు.

"పురందరయ్యా! ఈ ఇంటికి ఎన్ని ఆకులు?"

పురందరయ్య నీళ్ళు నమిలాడు. "గ్రంథంలో... మట్టిగోడ లేదు, ప్రభూ."

"అవును ప్రభూ" అన్నాడు కోనప్ప. "గ్రంథం ఇంకా లోపలికి రాలేదు. అందుకే ఇల్లు ఇంకా చల్లగా ఉంది."

రాజుగారు ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసి, ఫక్కున నవ్వారు. "ఓరి కోనప్పా! మమ్మల్ని ఉడకబెట్టి మరీ చూపించావు గదా! ఈ వీధిలో ఒక్క గోడ కూడా కూలడానికి వీల్లేదు."

నీలాలమ్మ ఉన్నచోటే కూలబడి కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. కోనప్ప గుండె నిండింది. పురందరయ్య ఊపిరి పీల్చుకోవడానికి మాత్రమే ఆగాడు.

"ప్రభూ, ఈ అరవై ఇళ్ళకూ రేపే తలా ఐదాకులు బిగించేస్తాను. ఊళ్ళో ఇక ఆకు లేని ఇల్లు ఉండదు. ప్రగతి సంపూర్ణం! శాసనంలో ఆ మాట మార్చే పనే లేదు."

రాజుగారు మెచ్చుకుని అతని భుజం తట్టారు. తొమ్మిదేళ్ళలో గోడ కట్టనివాడు, కప్పు నెయ్యనివాడు, అరవై ఇళ్ళు తన ఖాతాలో వేసుకుని పల్లకీ ఎక్కాడు. కోనప్ప చూస్తూ నిలబడ్డాడు.

ఎండ వాలక ముందే అంతా కొలువుకూటానికి తిరిగి వచ్చారు. దీపాలు మళ్ళీ వెలిగాయి. రాజుగారు మంచి హుషారుగా ఉన్నారు. "కోనప్పా, ఏం కావాలో కోరుకో!"

కోనప్ప ముందుకు వచ్చాడు.

"ప్రభూ, మీరు కూర్చున్న ఆ ఇల్లు కట్టినవాడి పేరు పోలయ్య. ఇరవై ఏళ్ళుగా ఈ పడమటి గోడ బయట ఎండలో మాడుతూ మనకు గాలి లాగుతున్నాడు. అతని చేత ఈ కొలువుకూటాన్ని మట్టితో తిరిగి కట్టించండి. అందాకా మధ్యాహ్నం పూట తాళ్ళు లాగేవాళ్ళను ఇళ్ళకు పంపండి. మనిషి కష్టం మిగలాలని అన్నది మీరే, ప్రభూ."

రాజుగారి పెదవి అదిరింది. తర్వాత ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"మట్టి కొలువా! రణభీముడు చూరు కింద వంగి సింహాసనం ఎక్కాలా! అబ్బబ్బ, అసలైనది చివరికి దాచావు గదయ్యా!"

సభంతా విరగబడి నవ్వింది. అందరికన్నా పెద్దగా పురందరయ్య నవ్వాడు.

"ప్రభూ, ఇది నవ్వులాటకు అన్నది కాదు" అన్నాడు కోనప్ప.

దానికి ఇంకా నవ్వారు. రాజుగారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చి, తన మెడలోని కెంపుల హారం తీసి స్వయంగా కోనప్ప మెడలో వేశారు. "నీలాంటివాడు ఏ రాజ్యంలోనూ లేడు" అన్నారు.

పడమటి గోడ అవతల, తాళ్ళు అందుకోమని గంట మోగింది. కన్నంలో తాడు బిగిసింది. తల మీద పంకా కదిలింది. మధ్యాహ్నమంతా ఉడికిన ఒంటికి ఆ గాలి ఎంత హాయిగా తగిలిందంటే, కోనప్ప కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. ఆ హాయికి అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తాడు లాగుతున్నది పోలయ్యేనని తెలుసు. తెలిసి కూడా ఆ గాలి కింద నుంచి పక్కకు జరగలేదు.